గేరు పార్కింగ్‌లోనే ఉంది

శ్యామలాదేవి చనిపోయి ఇరవై ఏడు గంటలైంది. శవం ఇంకా మార్చురీలోనే ఉంది. ఆవిడ ప్రాణం పోయిన చోట మాత్రం అప్పుడే ఫినాయిల్ పోసి కడిగేశారు. గేటు పక్కన ఆవిడ నిలువెత్తు ఫొటో పెట్టి దండ వేశారు. ఫొటో కింద, డైరెక్టరైన మేనల్లుడు సుహాస్ తీస్తున్న కార్ల ఫైట్ల సినిమా పేరు, విడుదల తేదీ రంగురంగుల అక్షరాలతో వేయించారు. నలభై ఏళ్ళు తెర మీద అమ్మ వేషాలు వేసిన మనిషికి సొంత మేనల్లుడు చేసిన మర్యాద అది.

నా పేరు బసవపున్నయ్య. పంతొమ్మిదేళ్ళు ఇన్సూరెన్స్ వాళ్ళ కోసం యాక్సిడెంట్ బళ్ళు చూసిపెట్టాను. తర్వాత వెంగళరావు నగర్‌లో రెండు గదులు తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించాను. ఆ ఇన్సూరెన్స్ రోజుల్లో పన్నెండేళ్ళపాటు నా కారు నడిపినవాడు పోచయ్య. ఒక్కరోజు కూడా బండి మీద గీత పడనివ్వలేదు. అలాంటివాడు ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

పోలీసుల లెక్క ఇది. బుధవారం ఉదయం ఏడూ పదికి పోచయ్య కారు తెచ్చి పోర్టికోలో పెట్టాడు. గేరు పార్కింగ్‌లో వేయకుండా న్యూట్రల్‌లో వదిలేసి టిఫిన్‌కి పోయాడు. ఎనిమిదీ ముప్పై అయిదుకి కారు దానంతటదే వాలులో వెనక్కి దొర్లి, అరవై అడుగుల దూరంలో గేటు దగ్గరున్న యజమానురాల్ని గేటుకేసి నొక్కేసింది. ఎస్సై జగదీశ్ నాకు పాత పరిచయం. పొద్దున్నే ఫోన్ చేశాడు. “సార్, సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందర పెట్టాలె. అప్పటిదాంక నా చేతిల ఉంది. డ్రైవర్ తప్పు లేదని ఒక్క ఆధారం తెండి, ఆపుతా. బండి గాడనే ఉంది, చూసుకోండి” అన్నాడు.

స్టేషన్‌లో పోచయ్యని చూసి, కారు తాళం తీసుకుని ఆ ఇంటికి చేరేసరికి పదకొండూ నలభై. ముందు వంటింటి వెనక వరండాలో రాజమ్మని పట్టుకున్నాను. పోచయ్య భార్య. ఆ ఇంట్లోనే వంట చేస్తుంది, మొగుడూ పెళ్ళాలిద్దరూ వెనక గదిలోనే ఉంటారు.

“నిన్న పోచయ్య కారు పెట్టి తాళం ఎవరికిచ్చాడు?”

“నాకే ఇచ్చిండు సారూ. వంటింట్ల కొక్కానికి తగిలిచ్చిన. మళ్ళ పోలీసోళ్ళే తీసిండ్రు.”

“మధ్యలో ఎవరూ ముట్టుకోలేదా?”

“నేను పొయ్యి కాడనే ఉన్న. కొక్కెం నా నెత్తి మీదనే ఉంటది.”

“హ్యాండ్ బ్రేకు వేయలేదట, ఎందుకని?”

“అది ఖరాబై మూడు నెల్లాయె. సుహాస్ బాబుకు ఎన్నిసార్లు చెప్పిండో లెక్కనే లేదు. అందుకే మావోడు పార్కింగుల ఏసినంక ఒకసారి కారును చేత్తోని నూకి చూస్తడు. నిన్న గూడ నూకి చూసిండు. నేను కిటికీలకెల్లి చూసిన.”

“ఏడుంబావు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంటికి ఎవరొచ్చారు?”

రాజమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. “ఎవలు రాలే.”

“వాచ్‌మన్?”

“ఆన్ని సుహాస్ బాబు మొన్ననే ఊరికి పంపిండు.”

“కెమెరాలు?”

“అవి గూడ రిపేరుకు పోయినయ్.”

“రాజమ్మా, నీ మొగుడు నాలుగింటికి జైలుకి పోతాడు. నా దగ్గర దాస్తే వాణ్ణి నువ్వే పంపినట్టు.”

“నా పెనిమిటిని ఇడిపిచ్చేటోళ్ళు ఇడిపిస్తమన్నరు సారూ. జర నన్నొదిలిపెట్టుండ్రి” అని లోపలికి పోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరు విడిపిస్తామన్నారు, ఎందుకన్నారు అని వెంటబడి అడగాల్సింది. అడగలేదు. కారు చూసి వచ్చి అప్పుడు గట్టిగా నిలదీద్దాంలే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు చేయాల్సిన పొరపాటు కాదది.

గేటు దగ్గరికి వచ్చేసరికి నేను రమ్మన్న మెకానిక్ నర్సింహ టోలిచౌకి నుంచి స్కూటర్ మీద దిగాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పడంలో వాణ్ణి మించినవాడు నాకు తెలిసి లేడు. పైగా ఈ బండి గేర్‌బాక్సు వారం క్రితమే వాడి చేతిలో పడింది.

“గీ బండి కత ఏం జెప్పాలె సార్” అని నర్సింహ ఉమ్మేయబోయి, శ్యామలాదేవి ఫొటో చూసి ఆగాడు. “పద్నాలుగేండ్ల బండి. ఒక్క డాక్టరే నడిపిండని చెప్పి రెండేండ్ల కింద సుహాస్ సాబ్ కొనిచ్చిండట అత్తకు. రెండో గేరుకెల్లి మూడుకు పోవాల్నంటే ఇంజన్ ఒర్రుడే గని బండి కదల్దు. ఆయిల్ తీస్తే నల్లగ డికాషన్ లెక్క పడ్డది, మాడు వాసన. స్లిప్ అయ్యేది తెల్వకుండ అమ్మినోడు చిక్కటి ఆయిల్ ఏదో కలిపి పోసిండు.”

“నువ్వేం చేశావు?”

“ఆయిల్, ఫిల్టర్ మార్చిన. వాల్వులు కడిగి ఒక సోలినాయిడ్ కొత్తది ఏసిన. గేరు లివర్‌కెల్లి గేర్‌బాక్స్‌కు పోయే కేబుల్ కొసకు ఉండే ప్లాస్టిక్ బుష్ పొడిపొడి అయితుంటే అది గూడ మార్చిన. ఆ తల్లి పైసలు ఇచ్చుకుంట బోజనం జేసి పొమ్మన్నది.”

మేనత్తకి చెత్త బండి అంటగట్టినవాడు, దాని మీద ఒక్క రూపాయి రిపేరు చేయించనివాడు, ఇవాళ ఆవిడ ఫొటో కింద సినిమా పేరు వేయించుకున్నాడు. కారు వెనక బంపరు లోపలికి పోయి ఉంది. నేను అటు రెండోసారి చూడలేకపోయాను.

అంతలో వెనకనుంచి సెంటు వాసన కొట్టింది. నా వయసులో సగం కూడా లేని రిత్విక్ చేతిలో టాబ్లెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ, ఏసీ ఆఫీసు. సుహాస్ వీడిని పెట్టుకున్నాడని నాకు ముందే తెలుసు.

“అంకుల్, అనవసరంగా ఎండలో ఎందుకు? కేస్ క్లోజ్ అయిపోయింది. నిన్ననే నేను స్కానర్ పెట్టి చూశాను. గేర్‌బాక్స్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. టెక్నికల్ రిపోర్ట్ పోలీసులకి ఇచ్చేశాను. హ్యూమన్ ఎర్రర్.”

“న్యూట్రల్‌లో వదిలాడంటావు.”

“వేరే దారి లేదు కదండీ.”

“న్యూట్రల్‌లో వదిలితే తాళం ఎలా తీశాడు బాబూ?”

రిత్విక్ నవ్వాడు. “పాత బండి కదా అంకుల్. అరిగిపోయిన లాక్‌లో ఎలాగైనా వస్తుంది.”

స్టేషన్ నుంచి తెచ్చిన తాళం నా జేబులోనే ఉంది. నర్సింహ ముందు చక్రాలకి రాళ్ళు పెట్టాడు. నేను కూర్చుని తాళం పెట్టి, బ్రేకు తొక్కి, గేరు లివర్ న్యూట్రల్‌కి లాగి తాళం తీయబోయాను. రాలేదు. “నువ్వు లాగు” అని రిత్విక్‌ని పిలిచాను. వాడు రెండు చేతులతో లాగాడు. రాలేదు. పార్కింగ్‌కి తోశాను. తాళం రెండు వేళ్ళతో ఊడివచ్చింది.

“తాళం కొక్కానికి ఉంది. అంటే లివర్ పార్కింగ్‌లోనే ఉంది. పోచయ్య తప్పు చేయలేదు” అన్నాను.

“మరి కారెందుకు దొర్లింది? పార్కింగ్‌లో ఉన్న కారు దొర్లదు.”

ఆ ప్రశ్న మాత్రం తెలివైనదే. నేను మళ్ళీ తాళం పెట్టి, ఈసారి లివర్ డ్రైవ్‌లోకి లాగి, బ్రేకు తొక్కిపెట్టి తిప్పాను. ఇంజన్ స్టార్టయింది.

నర్సింహ “అరె!” అన్నాడు. రిత్విక్‌కి అందులో వింత ఏముందో అర్థం కాలేదు. వీడు టెక్నికల్ రిపోర్ట్ రాశాడు! ఆ కాగితం మీద ఒక మనిషి జైలుకి పోబోతున్నాడు!

“బాబూ, ఆటోమేటిక్ బండి పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో తప్ప స్టార్ట్ కాదు. ఇప్పుడు లివర్ డ్రైవ్‌లో ఉంది, అయినా అయింది. రివర్స్‌లో పెడుతున్నాను, వెనక లైటు చూడు. వెలిగిందా?”

“లేదు.”

“లోపల గేర్‌బాక్సు న్యూట్రల్‌లోనే కూర్చుని ఉంది. పైన నువ్వు లివర్ ఎటు లాగినా దానికి కబురు అందడం లేదు. నీ స్కానర్‌కి కరెంటు తప్పులే కనబడతాయి. తెగిన తీగ కనబడదు.”

నర్సింహ అప్పటికే అట్టముక్క పరుచుకుని ముందు చక్రం వెనకనుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. ఒక్క నిమిషం పట్టింది. “కేబుల్ ఊడి ఏలాడుతుంది సార్. బుష్ మంచిగనే ఉంది, నేనేసిన తెల్లదే. పక్కకు స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన గాటు ఉంది. ఫొటో తీస్తున్న చూడుండ్రి.”

“నీ మెకానిక్ సరిగా బిగించలేదు, అదే ఊడింది” అన్నాడు రిత్విక్. ‘అంకుల్’ ఎగిరిపోయింది, ‘నీ’ వచ్చింది.

నర్సింహ బయటికొచ్చి కూర్చున్నాడు. “ఊడిన కేబుల్‌తోని నిన్న పొద్దుగాల పోచన్న గీ ఎత్తు ఎట్ల ఎక్కిచ్చిండు సార్? డ్రైవ్‌ల పడితెనే గద ఎక్కుతది? ఆడ పెట్టినంక ఊడిందది. ఇంకోటి ఇనుండ్రి. ఊడినంత మాత్రాన బండి దొర్లదు. కేబుల్ ఊడినా గేర్‌బాక్స్ పార్కింగ్‌లనే పట్టుకోని ఉంటది. గేర్‌బాక్స్ మీద చిన్న పట్టీ ఉంటది, దాన్ని చేత్తోని న్యూట్రల్‌కు జరపాలె. ఇది తెలిసినోడు చేసిన పని.”

ఏడూ పది నుంచి ఎనిమిదీ ముప్పై అయిదు. ఆ గంటా ఇరవై అయిదు నిమిషాల్లో ఎవడో కారు పక్కన పడుకుని చెయ్యి పెట్టాడు. రిత్విక్ అడగాల్సింది నేనే అడిగాను: “పట్టీ జరపగానే కారు వాడి మీదికే దొర్లాలి కదా? ఏం ఆపింది?”

పోర్టికోకి ఎక్కాం. అక్కడ ఫినాయిల్ పోయలేదు. వెనక చక్రం నిలబడ్డ చోట గ్రానైట్ మీద పక్కకి గీసుకుపోయిన చార, దానికంటిన పసుపు రంగు, రెండు చెక్క పేళ్ళు. గోరుతో గీకి చూశాను. సినిమా వాళ్ళు ట్రాలీ పట్టాలు ఎత్తుపల్లాలు లేకుండా కింద దూర్చే చెక్క ముక్కలకి అదే రంగు వేస్తారు. తాడు కట్టి పక్కకి లాగితే చాలు, బండి కదులుతుంది. డ్రైవర్ లేకుండా కారు పోయే షాటు తీయాలంటే ఇక్కడి ఫైట్ యూనిట్లు ఇలాగే చేస్తాయి. లివర్ పార్కింగ్‌లో ఉంటుంది, తాళం తీసి ఉంటుంది, కారు మాత్రం పోతుంది.

దాని వెనక ఇంకోటి ఉంది. చితికిపోయిన నిమ్మకాయ. రసం ఎండి జిగటగా ఉంది, గింజల చుట్టూ చీమలు కమ్ముకున్నాయి.

“డ్రైవర్లు పెడతారు కదా, దిష్టికి” అన్నాడు రిత్విక్.

“గ్రానైట్ మీద మరక పడుతుందని ఆవిడ ఈ ఇంట్లో నిమ్మకాయ పెట్టనిచ్చేది కాదు. పోచయ్య తొలిసారి పెడితేనే చీవాట్లు తిన్నాడు, నాకు చెప్పి నవ్వాడు కూడా. ఇది పెట్టినవాడికి చక్రం కింద నిమ్మకాయ లేకుండా బండి షాటు తీసే అలవాటు లేదు. మనిషిని చంపడానికి కారు వదులుతూ కూడా ఏ అపశకునం జరక్కూడదని దణ్ణం పెట్టుకున్నాడు.”

హత్యలు చాలా చూశాను. కోపంలో చంపినవాడిని చూశాను, ఆస్తి కోసం చంపినవాడిని చూశాను. నిమ్మకాయ పెట్టి చంపినవాడి మీద వచ్చినంత రోత నాకెవరి మీదా రాలేదు.

“మీరు సుహాస్ గారిని అంటున్నారా?” రిత్విక్ గొంతు తగ్గింది. “ఆయనకేం పని? అత్తయ్యంటే ప్రాణం.”

“ఈ ఇంటిని ముసలి జూనియర్ ఆర్టిస్టుల ఆశ్రమానికి రాసిస్తానని ఆవిడ మొన్న ఆదివారం ఇంట్లో చెప్పిందట, పోచయ్య పొద్దున నాతో అన్నాడు. వచ్చే సోమవారం రిజిస్ట్రేషన్. నీ క్లయింటు నీకు చెప్పలేదా?”

చెప్పలేదని వాడి ముఖమే చెప్పింది. అయినా ఒక చిక్కు మిగిలింది. జగదీశ్‌కి ఫోన్ చేసే ముందు అది తేలాలి. అరవై అడుగుల వాలు దొర్లడానికి కారుకి ఐదారు క్షణాలు పడుతుంది. టైర్ల చప్పుడు వస్తుంది. ఆవిడకి చెవులు బాగా వినబడతాయి, రోజూ పార్కులో నాలుగు రౌండ్లు నడిచే మనిషి. రెండడుగులు పక్కకి వేస్తే బతికేది.

“ఆవిడ ఎందుకు జరగలేదు?” అని పైకే అడిగాను.

“షాక్ అయి ఉంటారు” అన్నాడు రిత్విక్.

“షాక్ అయితే మనిషి చేతులు అడ్డం పెట్టుకుంటాడు, వెనక్కి తిరుగుతాడు. పోస్టుమార్టం డాక్టరు జగదీశ్‌కి చెప్పిందేమిటంటే, ఆవిడ కారుకి ఎదురుగా నిటారుగా, చేతులు కిందికి వదిలేసి నిలబడి ఉంది.”

దిగి గేటు దగ్గరికి వచ్చాను. కడిగిన నేల మీద మోకాళ్ళు ఆనించి వెతికాను. ఫినాయిల్ ఘాటుకి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దండ కిందపడిన పూలు పక్కకి నెడితే నేలకి అంటుకుని కనబడింది. జానెడు పొడవు ఎర్ర టేపు ఒకటి అడ్డంగా, దాని మధ్యనుంచి ఇంకొకటి నిలువుగా. కడిగినవాళ్ళు దాన్ని ఊడబెరకడానికి ప్రయత్నించి ఒక మూల చింపి వదిలేశారు.

నర్సింహకి అదేమిటో తెలియలేదు. రిత్విక్‌కి తెలిసింది. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు పెట్టుకున్నవాడికి తెలియకుండా ఉండదు. నటులు నిలబడాల్సిన చోట వేసే గుర్తు అది. అడ్డగీతకి కాలివేళ్ళు ఆనించాలి. అక్కడే ఉంటే కెమెరాకి కనబడతారు, కదిలితే షాటు పాడవుతుంది.

శ్యామలాదేవి రెండొందల సినిమాలు చేసింది. మీదికి ఏనుగు వస్తున్నా, మంట వస్తున్నా, డైరెక్టరు కట్ అనేదాకా కాలు తీయని తరం ఆవిడది. ఆ పేరు ఆవిడకి పరిశ్రమంతా ఉంది. మేనల్లుడు పొద్దున్నే వచ్చి, ‘అత్తయ్యా, ఫోన్‌లో చిన్న టెస్ట్ షాట్, కారు మీ దాకా వచ్చి ఆగిపోతుంది, మీరు కదలకండి’ అని ఉంటాడు. మేకప్ మాని ఆరేళ్ళయిన మనిషి సంబరపడి ఉంటుంది. కారు వస్తుంటే చూస్తూ నిలబడింది. వాడు కట్ అంటాడని నిలబడింది.

లేచి ఆ టేపుని ఫోన్‌లో ఫొటో తీశాను. వాడు మనిషి పుట్టుక పుట్టాడా అనిపించింది.

జగదీశ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఫొటోలు పంపాను. “పోచయ్యను ఆపుతున్నా సార్. కానీ సుహాస్ అప్పుడు గాడ ఉన్నడని చూసినోళ్ళు కావాలె” అన్నాడు.

“చూసినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడే మాట్లాడిస్తాను” అని వంటింటి వైపు తిరిగి పిలిచాను. “రాజమ్మా!”

పలకలేదు. వెనక గదికి తాళం వేసి ఉంది. రిత్విక్ టాబ్లెట్‌ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

“ఆవిడ లేదండీ. ఇందాక మీరు మెకానిక్‌తో మాట్లాడుతున్నప్పుడే వెనక గేటు నుంచి వెళ్ళింది. సుహాస్ గారు కారు పంపారు. నేనే ఎక్కించాను.”

“ఎక్కడికి?”

“ఏదో ప్యాచ్ వర్క్ అట, సినిమాలో కలపాల్సిన చిన్న ముక్క. అత్తయ్య గారి గుర్తుగా ఒక సీన్ పెడతారట, వెనకనుంచి కనబడే ఆడమనిషి కావాలట. చేసిపెడితే పోచయ్యని విడిపిస్తానని పొద్దున ఫోన్‌లో చెప్పారట ఆవిడకి. నేనూ మంచిదే కదా అనుకున్నాను.”

“సుహాస్‌కి రాజమ్మతో ఏం పని? నిజం చెప్పు.”

వాడు తల దించుకున్నాడు. “నిన్న సాయంత్రం స్టేట్‌మెంట్ తీసుకుంటే, ఎనిమిదింటికి సుహాస్ బాబు వెనక గేటులోంచి వచ్చాడని చెప్పింది. నేను రిపోర్ట్‌లో రాసి ఆయనకి పంపాను. క్లయింట్‌కి చెప్పకుండా ఎలా అండీ? ప్రొసీజర్...”

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అంత తీరిక లేదు. చూసిన ఒక్క సాక్షి పేరు హంతకుడికి రాతపూర్వకంగా అందజేసి, ఆ మనిషిని తన చేతులతో కారెక్కించి పంపాడు. ప్రొసీజర్!

“లొకేషన్ ఎక్కడ?”

“ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీదికి కొత్త రోడ్డు వేస్తున్నారు చూడండి, అక్కడ.”

నర్సింహ స్కూటర్ స్టార్ట్ చేశాడు. నేను వెనక ఎక్కుతూనే రాజమ్మకి ఫోన్ కలిపాను. ఒకసారి మోగి ఆగింది. మళ్ళీ కలిపాను. ఎత్తింది. గుసగుసగా మాట్లాడుతోంది. పొద్దుటి భయం లేదు, గొంతులో సిగ్గు కలిసిన సంతోషం.

“సారూ, ఇప్పుడు మాట్లాడరాదు. ఫోన్ కొంగుల దాస్కున్న.”

“రాజమ్మా, ఎక్కడున్నావు? అక్కడ ఎవరెవరున్నారు?”

“ఎవలు లేరు. సుహాస్ బాబు ఒక్కడే. పైన రోడ్డు మీద బండి పెట్టిండు. గిదొక్కటి చేస్తే మాపటికి మావోడు ఇంటికొస్తడు సారూ.”

“పోచయ్యని వదిలేశారు! వింటున్నావా? వాడికేం కాదు. నువ్వు అక్కణ్ణించి పక్కకి జరుగు, పరిగెత్తు!”

“జరుగొద్దన్నడు సారూ, గీత మీదనే నిలబడాలెనట. ఫోన్ పెడుతున్న. బాబు చెయ్యి లేపిండు.”